గాలిమరా, సోలారా: చేనుకు ఏది మేలు?

ఊరికి పోయిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. అనంతపురం వైపు మా చుట్టాలున్న పల్లెల్లో గాలిమరల వాళ్లూ సోలార్ వాళ్లూ ఇద్దరూ భూమి అడుగుతున్నారు. ఎవరికిస్తే మేలు? మొన్న మా చిన్నాయన నన్ను అడగకుండానే తేల్చేశాడు. "సోలార్‌కే ఇస్తాం రా. ఆ ఫ్యాన్లు వస్తే ఉన్న వాన కూడా పోతుంది."

రామగిరి గుట్టల మీద మరలు లేచిన కాలం నుంచీ వింటున్న మాటే ఇది. మరలు మబ్బుల్ని చెదరగొడతాయట. నవ్వి కొట్టిపారేయలేం, ఎందుకంటే ఆయన కళ్లతో చూసింది నిజమే. మర గిరగిరా తిరిగిన రోజున మబ్బు నిలవలేదు. కాకపోతే మబ్బును తోసుకుపోయిందీ, మరను తిప్పిందీ ఒకటే గాలి. నైరుతి గాలి తన తేమను చాలావరకు పడమటి కనుమల్లోనే దించేసి మన దాకా పొడిగా వస్తుంది. ఆ గాలి జోరుగా వీచే చోటు వెతికి మరీ మరలు పాతారు. అందుకే వాన రాని చోట మరలు కనబడతాయి. పెద్ద మర రెక్క కొస ఎత్తు సుమారు 150 మీటర్లు, ఉరుముల మబ్బు పది కిలోమీటర్లు దాటి లేస్తుంది. అయినా 1876లో ధాత కరువు వచ్చినప్పుడు ఏ గుట్ట మీద ఏ మర ఉంది?

మర వల్ల ఏమీ కాదని కాదు. రాత్రిళ్లు పైగాలినీ కిందిగాలినీ కలిపేస్తుంది కాబట్టి చుట్టుపక్కల నేల దగ్గర కాస్త వెచ్చబడుతుంది. ఇల్లు మరీ దగ్గరుంటే రెక్కల చప్పుడు, పొద్దు వాలేటప్పుడు కదిలే నీడ చికాకే.

నా లెక్కలో అసలు తేడా కంచె దగ్గర ఉంది. ఒక మెగావాట్ సోలార్‌కు నాలుగు నుంచి ఆరు ఎకరాలు పోతాయి. కర్నూలు వైపున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఉంది. చుట్టూ కంచె, పాతికేళ్లు లోపలికి కాలు పెట్టేది లేదు. రెండు మెగావాట్ల మరకైతే దిమ్మె, క్రేను నిలిచే చోటు, దారి పోగా మిగతా చేలో చెనక్కాయా కందీ వేసుకోవచ్చు, గొర్రెలు తిరగొచ్చు. సోలార్ కౌలు భూమి ఉన్నవాడికి ఏటా వస్తుంది, నిజమే. ఆ చేలో కలుపు తీసే ఆడకూలీకి ఏమొస్తుంది? గొర్రెల కాపరికి ఏమొస్తుంది? పైగా దుమ్ము పట్టిన పలకల్ని చాలాచోట్ల నీళ్లతోనే కడుగుతారు, అదీ తాగునీటికి ట్యాంకరు కోసం చూసే చోట.

మరకు మా వైపు ఎక్కువగా కావలసినంత భూమి ముక్కను ఒకేసారి కొనేస్తారు. ఆ డబ్బు పెళ్లికో అప్పుకో పోతే మళ్లీ రాదు. పిల్లలంతా బెంగళూరులో ఉండి, చేను చూసే దిక్కు లేని ముసలివాళ్లయితే సోలార్‌కివ్వడంలో తప్పు లేదు. మా చిన్నాయన మాత్రం ఇంకా దున్నుతున్నాడు, ఆయనకు మరే నయం అంటాను. ఇంటి మీద పెట్టుకునే సోలార్‌తో చేను పోదు, దాని గురించి చర్చ అక్కర్లేదు.

మర విషయంలో నాకున్న భయం దారి గురించే. అంత పొడవు రెక్కను గుట్టపైకి చేర్చాలంటే గుట్టను కోసి వెడల్పాటి రోడ్డు వేయాలి. అనంతపురం వైపే ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కాపాడి పెంచుకున్న కల్పవల్లి అడవిలో గొడవ అక్కడే మొదలైంది. తవ్విన మట్టి వాలు మీదికి దొర్లింది, నీళ్లు పారే దారులు చెడ్డాయి. చెరువులోకి రావాల్సిన వాననీళ్లు ఇలా పోతాయే తప్ప, మబ్బుల్లో ఏమీ జరగదు.

ఇదంతా చెప్పినా వాన సంగతి చిన్నాయన ఒప్పుకోలేదు. దారి ఏ వంకను దాటుతుందో, అక్కడ తూము ఎక్కడ పెడతారో సంతకానికి ముందే కాగితం మీద గీయించుకోమన్నాను. దానికి మాత్రం సరేనన్నాడు.