పల్లె కౌంటీ షెరీఫ్ ఆఫీసులో పోలీస్ రిపోర్టు కాపీ: 5కి 3 ఇస్తాను

పశ్చిమ టెక్సస్‌లో ఒక చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది), పేరు రాయడం లేదు. బిగ్ బెండ్ నేషనల్ పార్క్ చూసి తిరిగొస్తూ దారిలో భోజనానికి ఆగితే, కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోయారు. అందులో ల్యాప్‌టాప్‌తో పాటు మా ఆవిడ పాస్‌పోర్టు కూడా ఉంది. షెరీఫ్ (కౌంటీ పోలీసులకి పెద్ద) కింద పనిచేసే డెప్యూటీ అరగంటలో వచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, ఫొటోలు తీసుకుని తన విజిటింగ్ కార్డు వెనకాల పెన్నుతో కేస్ నంబర్ రాసిచ్చాడు. ఇంతవరకూ వంక పెట్టడానికేం లేదు. ఆ రిపోర్టు కాపీ చేతికొచ్చేదాకానే మాకు టెన్షన్. ఇన్సూరెన్స్ వాళ్లు అదే అడిగారు, కొత్త పాస్‌పోర్టుకి ఇండియన్ కాన్సులేట్‌కి పెట్టే అప్లికేషన్‌లోనూ అదే కావాలి, అది లేకపోతే రెండూ కదలవు.

నేను మొదట పంపిన మెయిల్‌లో "ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఈ కేసుకి సంబంధించినవన్నీ ఇవ్వండి" అని రాశాను. ఆ ఒక్క వాక్యంలోనే రెండు తప్పులు. అది 1966లో వచ్చిన ఫెడరల్ చట్టం, వాషింగ్టన్ ఏజెన్సీలకే వర్తిస్తుంది, కౌంటీ షెరీఫ్‌కి కాదు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం ఉంటుంది, టెక్సస్‌లో అయితే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్, గవర్నమెంట్ కోడ్ 552వ చాప్టర్. ఇక "అన్నీ" అని అడిగితే వాళ్లకి అన్నీ వెతకాల్సిన పని, మనకి ఆలస్యం. 9వ రోజున ఒక్క లైను జవాబొచ్చింది: కేసు ఇంకా ఓపెన్‌లో ఉంది, ఇవ్వలేం.

ఇక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి. దర్యాప్తు నడుస్తున్న కేసులో కొన్ని కాగితాలు ఆపుకునే వీలు వాళ్లకి చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ అలా ఆపాలంటే మన అర్జీ అందాక 10 పనిదినాల్లోపు రాష్ట్ర అటార్నీ జనరల్‌ని (రాష్ట్ర ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారిని) రూలింగ్ అడగాలి, అంటే ఆపొచ్చా లేదా తేల్చమనాలి, వాళ్లంతట వాళ్లు కాదనేసి ఊరుకోవడానికి లేదు. ఆ రూలింగ్‌కి అటార్నీ జనరల్‌కి ఇంకో 45 పనిదినాలు గడువు ఉంటుంది కాబట్టి అంతదాకా పోకుండా చూసుకోవడమే మనకి మంచిది. దానికి దారి ఏంటంటే, కేసు ఓపెన్‌లో ఉన్నా సరే బేసిక్ ఇన్ఫర్మేషన్ అనేది దాచకూడదు: నేరం ఏంటి, ఎక్కడ, ఎప్పుడు జరిగింది, ఫిర్యాదు ఎవరిది, డెప్యూటీ రాసిన వివరాలు, ఇలాంటివి. మనకి కావలసింది కూడా సరిగ్గా అదే కదా.

మళ్లీ మెయిల్ పెట్టే ముందు ఫోన్ చేశాను. రికార్డ్స్ చూసేది ఒక్కావిడే, మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా ఫోన్ ఎత్తరు, ఆవిడ సెలవు పెడితే ఆ కిటికీ మూసేస్తారు. పాపం, జైల్లో ఉన్నవాళ్ల కోసం వచ్చే ఫోన్లు కూడా ఆవిడకే. "మీరు చెప్పిన పేరుతో వెతికితే ఏమీ రావట్లేదండీ" అంది. కేస్ నంబర్ చదివితే వెంటనే దొరికింది. ఎందుకంటే మా ఆవిడ ఇంటిపేరు ఫస్ట్ నేమ్ గడిలో, అసలు పేరు లాస్ట్ నేమ్ గడిలో టైప్ అయ్యాయి, పైగా మధ్యలో ఒక అక్షరం ఎగిరిపోయింది. మన పేర్లకి ఇది ఎక్కడైనా జరిగేదే, కాబట్టి ఆ నంబర్ రాసిన కార్డుని ఫొటో తీసి పెట్టుకోండి, పారేయకండి.

రెండో అర్జీ ఐదు లైన్లే రాశాను: కేస్ నంబర్, తేదీ, స్థలం, డెప్యూటీ పేరు, "552వ చాప్టర్ కింద బేసిక్ ఇన్ఫర్మేషన్, డిస్పాచ్ కాల్ షీట్ ఇవ్వగలరు" అని (డిస్పాచ్ అంటే ఫోన్ తీసుకుని డెప్యూటీలని పంపే విభాగం, ఆ కాల్ వివరాలు రాసుకునే కాగితమే కాల్ షీట్). ఎందుకు కావాలో రాయలేదు, ఎందుకని వాళ్లు అడగకూడదు కూడా. 6వ రోజుకి 3 పేజీలు రెడీ. పేజీకి 10 సెంట్ల లెక్కన 30 సెంట్లు, కార్డు తీసుకోరు, మనీ ఆర్డరే పంపాలి. మనీ ఆర్డర్ ఫీజే అంతకంటే ఎక్కువ అవుతుందని చెబితే ఆవిడే మాఫీ చేసి స్కాన్ కాపీ మెయిల్ చేసింది. ఖర్చు 40 డాలర్లు దాటే పనైతే మాత్రం ముందే అంచనా పంపుతారు, దానికి మీరు 10 పనిదినాల్లో జవాబివ్వకపోతే అర్జీ వెనక్కి తీసుకున్నట్టే లెక్క, ఆ మెయిల్ స్పామ్‌లో పడకుండా చూసుకోండి.

యాక్సిడెంట్ అయినవాళ్లకి ఒక మాట. పల్లె హైవేల మీద రిపోర్టు రాసేది ఎక్కువగా స్టేట్ ట్రూపర్లు (రాష్ట్ర పోలీసులు), షెరీఫ్ దగ్గర అది ఉండకపోవచ్చు. ఆ క్రాష్ రిపోర్టు రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో 6 డాలర్లకి దొరుకుతుంది. బాడీ కెమెరా వీడియో కావాలంటే తేదీ, దాదాపు సమయం, కచ్చితమైన స్థలం, అందులో ఉన్న ఒకరి పేరు ఇవన్నీ రాయాల్సిందే.

పేరులో తప్పు దిద్దడం మాత్రం క్లర్క్ చేతిలో లేదు, రిపోర్టు రాసిన డెప్యూటీయే సప్లిమెంట్ (రిపోర్టుకి జతచేసే అదనపు కాగితం) రాయాలి. ఆయనది నైట్ షిఫ్ట్. రాత్రి 11 తర్వాత డిస్పాచ్‌కి ఫోన్ చేసి రెండుసార్లు మెసేజ్ పెట్టాక ఆయనే కాల్ చేసి, ఒక్కో అక్షరం అడిగి రాసుకున్నాడు.

మొదటి జవాబులో బేసిక్ ఇన్ఫర్మేషన్ మాట ఎత్తకుండా కాదనేసినందుకు ఒక స్టార్, అంత ఆఫీసుకి ఒక్క మనిషినే పెట్టినందుకు ఇంకో స్టార్ తీసేస్తున్నా. మిగతా మూడూ ఆ క్లర్క్‌కీ, ఆ డెప్యూటీకీ. దిద్దిన పేజీ నిన్న వచ్చింది, అప్లికేషన్ ఇవాళ పొద్దున పోస్ట్ చేశాం.