రీడింగ్ స్పెషలిస్ట్ మాస్టర్స్: చదివింది రెండేళ్లు, వాడింది నాలుగేళ్లు

టెక్సస్‌లో డాలస్ పక్కన ఒక పబ్లిక్ స్కూల్లో రెండో తరగతికి పాఠాలు చెబుతూనే, ఆన్‌లైన్‌లో రీడింగ్ మాస్టర్స్ చేశాను. 2019లో మొదలుపెట్టి 2021 వేసవిలో ముగించాను. అప్పట్నుంచి నాలుగేళ్ల పాటు అదే నా ఉద్యోగం. చదవడం పట్టుబడని పిల్లల్ని నలుగురైదుగురి చొప్పున పక్క గదిలోకి తీసుకెళ్లి నేర్పిస్తాను. నేను చదివిన యూనివర్సిటీ పేరు మాత్రం చెప్పను. చేరమంటారా వద్దా అని మన టీచర్లు అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ రీడింగ్ స్పెషలిస్ట్ సర్టిఫికెట్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, క్లాసులో రెండేళ్ల అనుభవం, 160 గంటల ప్రాక్టికమ్ (పిల్లలతో కూర్చుని పని చేస్తూ నేర్చుకోవడం), రాష్ట్రం పెట్టే పరీక్ష, ఇవన్నీ ఉండాలి. నాది 12 కోర్సులు, 36 క్రెడిట్లు. పుస్తకాలతో కలిపి 13 వేల డాలర్ల దాకా అయింది. డిగ్రీ వచ్చాక జీతంలో కలిసింది ఏడాదికి 1,500. లెక్క మీరే వేసుకోండి.

ఇచ్చిన డబ్బుకి న్యాయం చేసిన కోర్సులు రెండే. మొదటిది ధ్వనుల కోర్సు. మొదటి వారమే ఇంగ్లిష్ హల్లుల ధ్వనులన్నీ పలుకుతూ వీడియో తీసి పంపమన్నారు. ఇంతేనా అనుకుని పంపేశా. "ప్రతి హల్లు చివరా మీరు ఒక అచ్చు తగిలిస్తున్నారు" అని తిరిగొచ్చింది. నిజమే, నేను బ, ట, మ అనే పలికాను. మనకి హల్లంటే అకారంతోనే నోటికొస్తుంది. 'క్యాట్' అనే మాటని క, యా, ట అని విడగొట్టి చెబితే, పిల్లాడు వాటిని ఎన్నిసార్లు కలిపినా క్యాట్ రాదు. రెండో వీడియో కూడా వెనక్కొచ్చింది. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తట్టింది, దీనికి మన దగ్గర పేరే ఉంది కదా, పొల్లు! చిన్నప్పుడు అమ్మ పలక మీద 'క' రాసి, తలకట్టు చెరిపి పొల్లు పెట్టి, "దీని నోరు మూసేశాం, ఇప్పుడు పలుకు" అనేది. మూడో వీడియోలో అన్నీ పొల్లులే. మ్, స్, ఫ్ ఎంతసేపైనా సాగుతాయి. బ్, ట్, క్ సాగవు, వాటిని ఎంత పొట్టిగా అనగలిగితే అంత మంచిది. ఇక 'వ' గొడవ వేరే, ఇంగ్లిష్ W, V రెండూ మన నోట్లో ఒకటే. 'వెస్ట్' అంటే పడమరా, చొక్కా మీద వేసుకునేదా అని పిల్లలు నన్నడిగేవారు. కింది పెదవి మీద పళ్లు ఆనించడం అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో.

రెండోది పరీక్షించే పద్ధతుల కోర్సు, దాని వెంటే వచ్చిన ప్రాక్టికమ్. నాకప్పగించిన పిల్లాడు చూడ్డానికి బాగానే చదివేవాడు. పుస్తకంలో 'పోనీ' అని ఉన్నచోట 'హార్స్' అన్నాడు. బొమ్మలో గుర్రమే ఉంది, అర్థం చెడలేదు, పాత నేనైతే వదిలేసేదాన్ని. అర్థం లేని మాటల జాబితా ముందు పెట్టాను: కెడ్, లప్ లాంటివి. ఒక్కటీ చదవలేకపోయాడు. బొమ్మ లేకపోతే వాడి దగ్గర ఏమీ లేదు. ఎల్కోనిన్ పెట్టెలు, అంటే ధ్వనికొకటి చొప్పున వరసగా గళ్లు, వేసి, ఒక్కో ధ్వనికి ఒక్కో బటన్ జరపమన్నాను. 'షిప్'కి మూడు జరిపాడు, సరే. 'స్టాప్'కీ మూడే. 'ట్' వాడి చెవికి చేరడం లేదు. అదీ అసలు చిక్కు. 2021 వసంతం కాబట్టి ఇద్దరికీ మాస్కులు. నా నోరు వాడికి కనపడాలని పారదర్శకమైన మాస్క్ కొంటే పది నిమిషాల్లో ఆవిరి పట్టేసేది. అయినా ఆరు వారాలకి 'స్టాప్', 'స్లిప్' లాంటివి కూడబలుక్కుని చదివాడు. సూపర్‌వైజర్ మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున చూసి ప్రతిసారీ పేజీ నిండా రాసిచ్చారు. మొత్తం కోర్సులో నాకు బాగా పనికొచ్చిన కాగితాలు ఆ మూడే.

ఇక కోపం తెప్పించిన సంగతి. ఒక కోర్సులో, పిల్లాడు మాట దగ్గర ఆగిపోతే బొమ్మ చూడమనండి, మొదటి అక్షరం చూసి ఏది సరిపోతుందో ఊహించమనండి అని నేర్పారు. మరుసటి సెమిస్టర్‌లో ఇంకో ప్రొఫెసర్ 2000లో వచ్చిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ (చదవడం నేర్పే పద్ధతుల మీద అమెరికా ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం) నివేదిక ముందు పెట్టి, ధ్వనులూ అక్షరాలూ ఒక క్రమంలో నేర్పాల్సిందే అన్నారు. నా పిల్లాడు ఆ ఊహించే పద్ధతి బాధితుడే కదా! ఈ రెండూ పొసగవు కదండీ అని అడిగితే "బ్యాలెన్స్ చేసుకోవాలి" అన్నారు. రాష్ట్ర పరీక్షలో మాత్రం రెండో మాటకే మార్కులు. ఇప్పుడు కొన్ని చోట్ల మారిందంటున్నారు, చేరే ముందు సిలబస్ తెప్పించుకుని చూడండి. ఇంటర్నేషనల్ డిస్లెక్సియా అసోసియేషన్ (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది మీద పనిచేసే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ అయితే ఈ బాధ తక్కువ.

మిగతా కోర్సుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆదివారం అర్ధరాత్రి లోపు ఇద్దరు క్లాస్‌మేట్స్ రాతల మీద "చాలా బాగా చెప్పారు" అని రాయడం, అంతే.

కోర్సులో పది నిమిషాల్లో దాటేసి, నాకు మాత్రం రోజూ పనికొస్తున్న సంగతి ఒకటుంది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన సూత్రం: చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాల్ని మాటగా మార్చగలగడం ఇంటూ భాష తెలియడం. కూడిక కాదు, గుణకారం, కాబట్టి రెండింట్లో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. మా స్కూల్లో తెలుగు పిల్లలు కొందరు గడగడా చదువుతారు, ఇప్పుడేం జరిగిందో చెప్పమంటే నేల చూపులు చూస్తారు. "మావాడు అయిదో తరగతి పుస్తకం చదివేస్తాడండీ" అనే నాన్నలకి దీన్ని అర్థమయ్యేలా చెప్పడానికి ఏ కోర్సూ లేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. కనీసం రెండేళ్లు క్లాసులో ఉండి, కళ్ల ముందు చదవలేని పిల్లలు ఉన్నవాళ్లు చేరొచ్చు. ప్రాక్టికమ్‌కి ఎవరొచ్చి చూస్తారు, ఎన్నిసార్లు చూస్తారు అని ముందే అడగండి. జవాబు నసిగితే వేరే చోటు వెతుక్కోండి.

మా అక్క ప్రకాశం జిల్లాలో మండల పరిషత్ స్కూల్లో టీచర్. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ మొదలైన కొత్తలో నా నోట్సు, పెట్టెల బొమ్మలు అడిగి తీసుకుంది. తెలుగులో చదువు సాగేది అక్షరం మీద కాబట్టి, 'పలక'కి మూడు గళ్లు గీసి చింతగింజలతో ఆడించిందట. నెల తర్వాత వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్: "ఒసేయ్, గింజలు చక్కగా జరుపుతున్నారు. గుణింతాల గుర్తులు, వత్తుల దగ్గరే ఆగిపోతున్నారు. దానికేమన్నా చెప్పారా మీ అమెరికాలో?"

చెప్పలేదు. వాళ్ల 26 అక్షరాలకి వత్తుల బాధ లేదు. నా పాత ఫైళ్లన్నీ తిరగేసి, అమ్మకి ఫోన్ చేయమన్నాను.