ప్రభుత్వ నిధులా, సొంత దారా?

పరిశోధనకు సర్కారు సొమ్ము తీసుకోవాలా, విరాళాలతో సొంతంగా నడవాలా? బెంగళూరు మల్లేశ్వరం కాఫీ బల్లల దగ్గర తెలుగు పరిశోధక విద్యార్థుల మధ్య తెగని వాదన ఇది. రెండు దారులకూ ఈ ఊళ్లో జాడలున్నాయి. 1948లో సి.వి. రామన్ ఇక్కడ సొంత సంస్థ ప్రారంభించి, సర్కారు సొమ్ము వద్దని విరాళాలతో నడిపారు. ఇదే ఊళ్లో భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసి వెళ్లిన భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా ఆ ఏడాదే ప్రభుత్వ అణుశక్తి సంఘం అధ్యక్షుడయ్యారు.

ఖర్చు: ప్రభుత్వం ఇస్తే అణు రియాక్టరు కట్టవచ్చు. విరాళాలతో స్ఫటికాలు, పూల రంగులు పరిశీలించవచ్చు. అదేమీ చిన్న పని కాదు.

శ్రమ: ప్రభుత్వ దారిలో దస్త్రాలు, సొంత దారిలో గడప గడపకూ చందాలు.

ముప్పు: అసలు చిక్కు ఇక్కడే. 1948 అణుశక్తి చట్టం గోప్యతను వెంట తెచ్చింది. రాజ్యాంగ సభలోనే దానికి అభ్యంతరం వినిపించింది. నిధులిచ్చేవారు నోరు నొక్కనక్కరలేదు. ఏ ప్రశ్న అడగకూడదో మనకే మెల్లగా అలవాటవుతుంది. (దాతలకూ ఇష్టాయిష్టాలుంటాయి, ఆ మాట మరిచిపోతుంటాం.)

మన్నిక: రామన్ 1970లో కన్నుమూశారు. 1972 నుంచి ఆయన సంస్థా ప్రభుత్వ సహాయంతోనే నడుస్తోంది.

భారీ యంత్రాలు కావలసిన పనికి మొదటి దారి. చిన్న పరికరంతో సాగే ప్రశ్నకు, అందులోనూ పాలకులకు రుచించని ప్రశ్నకు, రెండోది. ఇంటికి నెలనెలా డబ్బు పంపవలసినవారు మొదటిదాన్నే ఎంచుకుంటే నేను తప్పుపట్టను.