ఆరు నెలల ఇంటర్న్‌షిప్, అరగంట బగ్

డిసెంబరు వచ్చిందంటే మా కాలేజీ జూనియర్లు ఫోన్ చేస్తారు. "అన్నా, పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది, ఎలా ఉంటుంది?" అని. ఐదు నిమిషాల్లో చెప్పగలిగే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. 2023 జనవరి నుంచి జూన్ వరకు, అంటే బీటెక్ ఆఖరి సెమిస్టర్ అంతా, హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో పనిచేశాను. పేరు చెప్పను. తర్వాత రెండేళ్లకు పైగా వేరేచోట ఉద్యోగం చేశాను కాబట్టి అప్పటి సంబరం, అప్పటి బాధ రెండూ కాస్త సర్దుకున్నాయి.

ల్యాప్‌టాప్ మొదటిరోజే చేతికిచ్చారు. కోడ్ చూడటానికి పర్మిషన్ మాత్రం పదకొండో రోజున వచ్చింది. అప్పటిదాకా ట్రైనింగ్ వీడియోలే. చుట్టూ అందరూ పనిలో మునిగి ఉంటే మనం ఒక్కళ్లమే ఖాళీగా కూర్చోవడం చాలా కష్టం. నన్ను పొరపాటున తీసుకున్నారేమో అనిపించేది. పెద్ద కంపెనీలో ప్రతి పర్మిషన్‌కీ ఒక టిక్కెట్ (ఆన్‌లైన్‌లో పెట్టే అర్జీ), ప్రతి టిక్కెట్‌కీ ఎవరో ఒకరి అప్రూవల్ ఉంటాయని ఇప్పుడు తెలుసు. అయినా ఇంటర్న్ ఏ తేదీన చేరతాడో నెలల ముందే తెలుసు కదా, ఆ పని ముందే చేసి పెట్టొచ్చు. ఉన్నదే ఆరు నెలలు, అందులో రెండు వారాలు ఇలా పోకూడదు.

ఇక అసలు పని. మా టీమ్ చూసే సిస్టమ్, వ్యాపారులకు రోజువారీ అమ్మకాల రిపోర్ట్ తయారుచేస్తుంది. భారత్‌లోని వ్యాపారుల రిపోర్టుల్లో కొన్ని ఆర్డర్లు ముందురోజు లెక్కలో పడుతున్నాయని ఫిర్యాదు. నాకిచ్చిన మొదటి బగ్, అంటే కోడ్‌లో దిద్దాల్సిన తప్పు, అదే. మూడు రోజులు కోడ్ చదివాను, ఏమీ తట్టలేదు. నాలుగో రోజు, తప్పుగా పడ్డ ఆర్డర్లన్నీ ఒకచోట పెట్టి టైమ్ చూశాను. అన్నీ అర్ధరాత్రి 12 నుంచి 12:30 లోపు వచ్చినవే!

కారణం చాలా చిన్నది. ఆర్డర్ల టైమ్ అంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో, దాస్తారు. రిపోర్ట్ తీసేటప్పుడు దాన్ని ఏ దేశం వ్యాపారికి ఆ దేశం టైమ్‌గా మారుస్తారు. ఆ తేడాను దాచే చోట ఎవరో ఎప్పుడో పూర్తి గంటలే పట్టేలా రాశారు. మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. ఐదు నిలిచింది, అర పోయింది. దాంతో రాత్రి 12:15కి వచ్చిన ఆర్డర్ ముందురోజు 11:45కి వచ్చినట్టు లెక్కలో పడింది. ఆ కోడ్ రాసినవాళ్లకు అరగంట తేడా ఉన్న దేశం ఎప్పుడూ ఎదురుపడి ఉండదు.

నేను దాన్ని 5.5 చేసి రివ్యూకి, అంటే టీమ్‌లో మిగతావాళ్లు చూసి తప్పులు చెప్పడానికి, పెట్టాను. పట్టుమని నలభై లైన్లు లేవు, 23 కామెంట్లు వచ్చాయి. ఆ సాయంత్రం మెట్రోలో కూర్చుని వాటిని మళ్లీ మళ్లీ చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ అందులో ఒక కామెంట్ వల్లే ఈ ఆరు నెలలు నాకు ఇంతగా గుర్తున్నాయి. మా మెంటర్ రాసింది: "నేపాల్ వ్యాపారి వస్తే ఏం చేస్తావు? అమెరికాలో మార్చి నెలలో ఏమవుతుంది?"

నేపాల్ తేడా 5:45 గంటలు. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, ఆ రోజుకి 23 గంటలే ఉంటాయి. అంటే తేడాను ఒక అంకెగా దాచడమే తప్పు. దాచాల్సింది ఊరి పేరుతో ఉండే జోన్, మనకైతే ఏషియా/కోల్‌కతా. ఏ తేదీన ఎంత తేడా అన్నది టైమ్‌జోన్ డేటాబేస్ చూసుకుంటుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, 2014లో జావా 8తో వచ్చిన టైమ్ లైబ్రరీలో ఇదంతా సిద్ధంగానే ఉంది. నేను నలభై లైన్లలోపే దిద్దిన బగ్‌కి సరైన పరిష్కారం మూడు వారాలు పట్టింది. అందులో ఎక్కువభాగం, కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్టులే.

ఆ టెస్టులు రాస్తున్న రోజుల్లోనే మార్చి 12, అంటే ఆ రెండో ఆదివారం, వచ్చింది. అమెరికా టీమ్‌తో రాత్రి పదిన్నరకి ఉండే మీటింగ్ ఆ వారం నుంచి తొమ్మిదిన్నరకి మారింది. తార్నాకలో మా పిన్ని వాళ్లింట్లో ఉండేవాణ్ణి. "ఇవాళ గంట ముందే మొదలైందేంట్రా?" అని పిన్ని అడిగితే ఆవిడకి మొత్తం వివరించాను. అంత ఓపిగ్గా విన్నందుకు ఇప్పటికీ ఆవిడకి రుణపడి ఉన్నాను.

కాలేజీలో నాలుగేళ్లూ కొత్త కోడ్ రాయడమే నేర్పారు. ఇంకొకరు రాసిన కోడ్‌ని చదవడం, అది ఎందుకలా ఉందో గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునూ దాచి ఉంచే సాధనం) చరిత్రలో వెనక్కి వెళ్లి వెతకడం ఎవరూ నేర్పలేదు. ఇక్కడ రోజులో ముప్పావు వంతు పని అదే. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లబోయేవాళ్లు ఇంకో కోర్సు కొనేకంటే ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ (కోడ్ ఎవరైనా చూడగలిగేది) తెరిచి, దిద్దిన ఒక పాత బగ్ కథ మొదటినుంచి చివరిదాకా చదవండి.

పదో తరగతి వరకు నాది తెలుగు మీడియం. స్టాండప్‌లో, అంటే టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో, ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్‌తో గొంతు పట్టేసేది. అందుకని తెలియని విషయాలు అడగకుండా దాచుకునేవాణ్ణి. మెంటర్‌ది ఖమ్మం. ఒకరోజు టీ దగ్గర, "మీరు రెండు రోజులు తలపట్టుకుని కూర్చునే బదులు అరగంట చూసి, తెలియకపోతే అడగండి, తెలుగులోనే అడగండి" అన్నారు. "సరే అక్కా" అన్నాను. ఆ తర్వాతే నా పని వేగం పెరిగింది.

ఏప్రిల్‌లో ఆవిడ వేరే టీమ్‌కి వెళ్లిపోయారు. కొత్త మెంటర్‌కి చేతినిండా పని, నాకు వారానికి పావుగంట దొరికేది. చివరి రెండు నెలల్లో నేను నేర్చుకున్నది మొదటి నాలుగు నెలల్లో సగం కూడా ఉండదు. అదే కంపెనీ, అదే కోడ్, మారింది మెంటర్ ఒక్కరే. అందుకే కంపెనీ పేరు చూసి ఆఫర్ ఎంచుకునే జూనియర్లకు, చేరిన వారంలోనే మెంటర్ ఎవరో, ఆరు నెలలూ ఉంటారో లేదో మేనేజర్‌ని అడగమని చెబుతాను. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మే నెలలో నా మార్పు విడుదలైంది. ముందు వందలో ఒక్క వ్యాపారికి, తర్వాత పదిమందికి, వారం తర్వాత అందరికీ. ఆ రాత్రి పన్నెండు దాటాక మేలుకుని గ్రాఫ్ చూశాను. 12:10కి వచ్చిన ఆర్డర్లు కొత్త తేదీలోనే పడుతున్నాయి.

స్టైపెండ్ టైమ్‌కి వచ్చేది. క్యాంటీన్ భోజనం బాగుండేది. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రో, అక్కడి నుంచి కంపెనీ బస్సు. ప్రయాణం తప్ప వీటిలో ఇబ్బంది లేదు.

ఉద్యోగం సంగతి మాత్రం బాధపెట్టింది. ఆ ఏడాది ఐటీ రంగమంతా నియామకాలు తగ్గించింది. మా బ్యాచ్‌లో కొందరికే పీపీఓ (ఇంటర్న్‌షిప్ తర్వాత ఉద్యోగానికి ఇచ్చే ఆఫర్) ఇచ్చారు, నాకు రాలేదు. అది అర్థం చేసుకోగలను. కానీ ఖాళీలు లేవని వాళ్లకు ముందే తెలిసినా, జూన్ చివరి వారం దాకా "పనితీరు బాగుంది, చూద్దాం" అంటూ వచ్చారు. ఆ మాట నమ్మి క్యాంపస్‌లో రెండు కంపెనీల పరీక్షలకు నేను కూర్చోలేదు. ఇంటి దగ్గర నాన్న అప్పటికే అందరికీ చెప్పేశారు. మళ్లీ వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంటర్వ్యూలో ఆ అరగంట బగ్ గురించే ఇరవై నిమిషాలు మాట్లాడాను.

అదే టీమ్‌లోకి, అదే మెంటర్ దగ్గరికి మళ్లీ ఇంటర్న్‌గా వెళ్లమంటే వెళ్తాను. కాకపోతే ఈసారి ఏప్రిల్‌లోనే ఖాళీలు ఉన్నాయో లేవో సూటిగా అడుగుతాను. జవాబు "చూద్దాం" అయితే క్యాంపస్ పరీక్షలు ఒక్కటీ వదలను.