పిట్స్‌బర్గ్‌లో పదేళ్లు దాటాక: ఈ ఊరి గురించి నా రివ్యూ

అమెరికాలో మనవాళ్లు ఏ ఊరికి మారాలా అని ఆలోచించేటప్పుడు డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా, అట్లాంటా అంటారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ పేరు అంత త్వరగా రాదు. "వెంకటేశ్వర స్వామి గుడి ఉన్న ఊరు కదా, ఒకసారి వచ్చి దర్శనం చేసుకుని వెళ్లాం" అని మాత్రం చాలామంది అంటారు. నేను ఇక్కడికి వచ్చి పదేళ్లు దాటింది. మొదట అద్దె అపార్ట్‌మెంటులో ఉన్నాం, తర్వాత ఇల్లు కొనుక్కున్నాం, పిల్లలు ఇక్కడే పుట్టారు, అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉండి వెళ్లారు. ఇన్ని రకాలుగా ఉండి చూసిన ఊరు కాబట్టి, దీని మంచీ చెడూ తెలిసినంతలో రాస్తున్నాను.

ఈ ఊరు ఎందుకు బాగుంటుందో అర్థం కావాలంటే ఒక్క లెక్క చూడాలి. 1950లో పిట్స్‌బర్గ్ నగర జనాభా 6,76,806. 2020లో 3,02,971. అంటే సగం కంటే ఎక్కువ మంది తగ్గిపోయారు. జనం శివార్లకు వెళ్లడం ముందే మొదలైంది. 1980ల్లో ఉక్కు మిల్లులు వరుసగా మూతపడేసరికి వేల కుటుంబాలు పని వెతుక్కుంటూ ఊరే వదిలి వెళ్లాయి. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్లు ఆ సంగతులు చెబుతుంటే వినడం కష్టంగా ఉంటుంది. కానీ ఊరు ఎదుగుతున్న రోజుల్లో ఉక్కు డబ్బుతో కట్టిన లైబ్రరీలు, మ్యూజియాలు, పార్కులు, వంతెనలు అన్నీ మిగిలాయి. పెద్ద నగరానికి ఉండాల్సినవన్నీ ఉండి, ఆ రద్దీ లేకపోవడమే ఈ ఊరి అసలు సుఖం అని నా అభిప్రాయం.

ఓక్‌లాండ్ అనే పేటకు వెళితే ఇది కళ్లకు కడుతుంది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కట్టించి 1895లో తెరిచిన లైబ్రరీ గుమ్మం మీద 'ప్రజలకు ఉచితం' అని రాతిలో చెక్కి ఉంటుంది. ఆ కట్టడంలోనే ఆర్ట్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం కూడా ఉన్నాయి. రెండింటికీ ఒకటే టికెట్. 1899లో వ్యోమింగ్‌లో తవ్వి తీసిన డిప్లోడోకస్ అనే డైనోసార్ అస్థిపంజరం లోపల ఉంది. బయట గడ్డిలో నిలబెట్టిన దాని బొమ్మను పిల్లలు డిప్పీ అని పిలుస్తారు, చలికాలం వస్తే దానికి మఫ్లర్ కూడా చుడతారు. శనివారం పొద్దున బయల్దేరితే పార్కింగ్ కోసం గంటసేపు తిరగక్కర్లేదు, డైనోసార్ ముందు జనాన్ని తోసుకోనక్కర్లేదు. మా పిల్లలు అక్కడ నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటూ పెరిగారు.

దాని పక్కనే పిట్ అని పిలిచే పిట్స్‌బర్గ్ యూనివర్సిటీవాళ్ల కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్. పేరు చూసి చర్చి అనుకుంటారు గానీ, అది 42 అంతస్తుల కాలేజీ భవనం. 1926లో పని మొదలైంది. కట్టడానికి స్కూలు పిల్లలు కూడా పది సెంట్ల చొప్పున చందా ఇచ్చారట. అందులో ఒక్కో దేశం పేరిట ఒక్కో తరగతి గది ఉంది, మొత్తం 31. ఇక్కడ స్థిరపడిన ఆయా దేశాలవాళ్లు తమ ఊళ్ల పనితనం చూపిస్తూ కట్టించుకున్న గదులు అవి. మన భారతీయ గది నలందా విశ్వవిద్యాలయం నమూనాలో ఎర్ర ఇటుకతో ఉంటుంది. ఒకటి రెండు తప్ప అవి చూపించడానికి తాళం వేసి ఉంచిన గదులు కావు, వారంలో మామూలు క్లాసులు వాటిలోనే జరుగుతాయి. మా నాన్న అక్కడ బెంచీ మీద కూర్చుని లేవనంటే లేవలేదు.

ఇవన్నీ ఎలా నిలబడ్డాయో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. జనం తగ్గి, పన్నులు తగ్గితే లైబ్రరీలు మూతపడాలి కదా? 1994 నుంచి ఈ ఊరు ఉన్న అలెగెనీ కౌంటీలో అమ్మకపు పన్నుకు అదనంగా ఒక శాతం వేస్తున్నారు. పెన్సిల్వేనియాలో చాలాచోట్ల 6 శాతం అయితే ఇక్కడ 7 శాతం. ఆ అదనపు డబ్బులో సగం లైబ్రరీలకు, పార్కులకు, మ్యూజియాలకు, జూకు, స్టేడియాలకు పోతుంది. మిగతా సగం కౌంటీ, అందులోని ఊళ్లు పంచుకుంటాయి. మొత్తం కౌంటీ కట్టి నగరంలోని ఆస్తులను కాపాడుకునే ఏర్పాటు ఇది. ఇక్కడి లైబ్రరీ కార్డు ఉంటే ఆ పన్నుతో నడిచే కొన్ని చోట్లకు ఉచిత టికెట్లు కూడా బుక్ చేసుకోవచ్చు. బట్టల మీద, వండుకునే సరుకుల మీద ఈ రాష్ట్రంలో అమ్మకపు పన్ను ఎలాగూ లేదు. ఆ ఒక్క శాతం కట్టేటప్పుడు నాకు ఎప్పుడూ బాధ అనిపించలేదు.

ఇక గుడి. ఊరికి తూర్పున పెన్ హిల్స్ అనే చోట కొండ మీద తెల్లటి గోపురంతో శ్రీ వేంకటేశ్వర ఆలయం ఉంది. 1970ల మధ్యలో, ఇక్కడ మనవాళ్లు చాలా తక్కువగా ఉన్న రోజుల్లో, తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో కట్టుకున్న గుడి. అమెరికాలో ఆగమ పద్ధతిలో కట్టిన తొలి ఆలయాల్లో ఒకటి. తమ రాష్ట్రంలో గుడి లేని రోజుల్లో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చేవాళ్లమని వయసు మళ్లిన దంపతులు ఇప్పటికీ చెబుతారు. కింద క్యాంటీన్‌లో పులిహోర, దద్దోజనం తినకుండా వెళ్లేవాళ్లను నేను చూడలేదు. పండగ రోజుల్లో మాత్రం రద్దీ ఎక్కువ. దర్శనం ప్రశాంతంగా కావాలంటే పనిరోజు సాయంత్రం రండి.

ఈ ఊరి నేల తీరు వేరు. అలెగెనీ, మొనాంగహేలా అనే రెండు నదులు డౌన్‌టౌన్ కొసన కలిసి ఒహాయో నది అవుతాయి. చుట్టూ కొండలు. ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే ఫోర్ట్ పిట్ టన్నెల్ దాకా ఊరు కనపడదు. టన్నెల్ దాటిన క్షణంలో నదులు, పసుపు వంతెనలు, ఎత్తైన భవనాలు అన్నీ ఒక్కసారి ఎదురుగా వస్తాయి. చుట్టాలు వచ్చినప్పుడు నేను ఏమీ చెప్పకుండా ఆ దారినే తీసుకొస్తాను. కొండ పైకి మిల్లు కార్మికులు ఎక్కడానికి వేసిన ఇంక్లైన్‌లు, అంటే పట్టాల మీద తాడు లాగే పెట్టెలు, రెండు ఇంకా నడుస్తున్నాయి. ఒకటి 1870 నాటిది, ఇంకోటి 1877 నాటిది. రెండోదాన్ని 1962లో మూసేస్తే అక్కడివాళ్లే డబ్బు పోగు చేసి మరుసటి ఏడాది మళ్లీ నడిపించుకున్నారు. ఆ చెక్క పెట్టెలో కూర్చుని రాత్రిపూట పైకి వెళ్లడం ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాలేదు.

మనుషుల గురించి చెప్పాలి. ట్రాఫిక్ లైటు ఆకుపచ్చగా మారగానే ఎదురుగా ఎడమకు తిరగాల్సిన మొదటి కారుకు దారి ఇవ్వడం ఇక్కడి అలవాటు. మంచు పడ్డాక ఎవరైనా పారతో తవ్వి వీధిలో కారుకు చోటు చేసుకుంటే, అక్కడ ఒక పాత కుర్చీ పెట్టి వెళతారు. మన ఆర్టీసీ బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టే. చట్టంలో లేకపోయినా దాదాపు అందరూ గౌరవిస్తారు. ఫుట్‌బాల్, బేస్‌బాల్, హాకీ మూడు జట్లవీ ఒకే రంగులు, నలుపూ పసుపూ. ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆట ఉన్న ఆదివారం కిరాణా కొట్లో బామ్మలు కూడా ఆ జెర్సీలోనే ఉంటారు. మేము వచ్చిన మొదటి చలికాలంలో పక్కింటి పెద్దాయన అడగకుండానే మా మెట్ల మీద మంచు తీసిపెట్టారు. ఇప్పుడు ఆయనకు మేం తీస్తున్నాం.

ఉద్యోగాల మాటకొస్తే, 64 అంతస్తుల యు.ఎస్. స్టీల్ టవర్ మీద ఇప్పుడు యూపీఎంసీ అనే ఆసుపత్రుల సంస్థ పేరు ఉంటుంది. ఊరు ఎలా మారిందో ఆ అక్షరాలే చెబుతాయి. వైద్యం, యూనివర్సిటీలు, కంప్యూటర్లు, ఇవే ఇప్పటి ఆధారం. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ మన రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న మనిషి. ఇక్కడి రోబో కంపెనీలు చాలా వాటికి మూలం ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉంది. అయితే ఒక సంగతి ముందే తెలుసుకోండి. బే ఏరియాలోలా ఒక ఉద్యోగం పోతే పక్క వీధిలో ఇంకోటి దొరికే ఊరు కాదిది. వీసా మీద ఉన్నవాళ్లకు ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. మా స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఇష్టం లేకపోయినా ఆ కారణంతోనే వెళ్లిపోయారు.

లోపాల్లో మొదటిది ఆకాశం. నవంబరు నుంచి మార్చి దాకా చాలా రోజులు మబ్బే. మంచు ఏడాదికి సగటున 40 అంగుళాలు దాటుతుంది గానీ, మంచు కంటే వెలుతురు లేకపోవడమే మనసును కుంగదీస్తుంది. మా అమ్మకు ఇది అస్సలు పడలేదు. ఆ రోజుల్లో మాకు ఆధారం ఫిప్స్ అనే అద్దాల తోట. 1893లో కట్టారు. బయట గడ్డకట్టే చలి ఉన్నా లోపల అరటి చెట్లు, మసాలా మొక్కలు ఉన్న గదిలో కూర్చుంటే అమ్మ ముఖం వికసించేది. సభ్యత్వం తీసుకుంటే చలికాలంలోనే డబ్బులు రాబట్టుకోవచ్చు.

రెండోది గాలి. 1940ల్లో మధ్యాహ్నం పూట వీధి దీపాలు వెలిగించిన ఊరు ఇది. 1948లో దగ్గర్లోని డొనోరాలో విషపు పొగమంచు కమ్మి 20 మంది చనిపోయారు. ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు చాలా నయం. కానీ మొనాంగహేలా లోయలో పరిశ్రమలు ఇంకా ఉన్నాయి. చల్లటి ఉదయాల్లో గాలి కదలకపోతే పొగ కిందే నిలిచిపోయి, తూర్పు పేటల్లో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. వాసన వచ్చినప్పుడు ఫిర్యాదు చేయడానికి కార్నెగీ మెలన్‌వాళ్లు స్మెల్ పీజీహెచ్ అనే యాప్ కూడా చేశారు. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఏ వైపు ఇల్లు తీసుకోవాలో బాగా ఆలోచించండి.

కారు లేకుండా బతకడం ఓక్‌లాండ్, షేడీసైడ్, స్క్విరల్ హిల్ లాంటి పేటల్లో కుదురుతుంది, మిగతా చోట్ల కష్టం. 'టీ' అనే రైలు డౌన్‌టౌన్ నుంచి ఉత్తరం ఒడ్డు దాకా ఉచితం, తర్వాత దక్షిణ శివార్లకు వెళుతుంది. యూనివర్సిటీలు ఉన్న ఓక్‌లాండ్‌కు మాత్రం పోదు. ఇండియాకు నేరుగా విమానం లేదు. తెలుగు సినిమాలు ఆడతాయి, మన సరుకుల కొట్లు మన్రోవిల్, గ్రీన్‌ట్రీ, క్రాన్‌బెర్రీ వైపు ఉన్నాయి. కానీ డల్లాస్‌లోలా వీధికో టిఫిన్ సెంటర్ ఉండాలనుకుంటే నిరాశే.

చూడడానికి వచ్చేవాళ్లకు అక్టోబరు మంచి కాలం. ఒక పూట గుడి, ఒక పూట ఓక్‌లాండ్, సాయంత్రం ఇంక్లైన్. ఇంకో రోజు ఉంటే ఆగ్నేయంగా 70 మైళ్ల దూరంలో జలపాతం మీద ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటికి వెళ్లండి. టికెట్ ముందే కొనుక్కోవాలి. పక్కనే ఒహాయోపైల్ అనే ఊరి దగ్గరి నదీ లోయ కూడా చూడొచ్చు. పిల్లలుంటే వేసవిలో రండి. 1898లో మొదలైన కెన్నీవుడ్ పార్కులో 1920 నాటి చెక్క రోలర్ కోస్టర్ ఇంకా తిరుగుతోంది.

ఉండడానికి వచ్చేవాళ్లకు ఇంకో రెండు మాటలు. నగరం లోపల ఉంటే జీతం మీద స్థానిక పన్ను 3 శాతం, శివార్లలో చాలాచోట్ల ఒక శాతం. స్కూళ్ల కోసం మనవాళ్లు ఎక్కువగా శివార్లకే పోతారు. మేం నగరంలోనే ఉన్నాం, లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చని. ఇళ్ల ధరలు తీర ప్రాంత నగరాల ముందు చాలా తక్కువగా కనిపిస్తాయి. కానీ చాలా ఇళ్లు వందేళ్ల నాటివి, పైగా కొండ వాలు మీద ఉంటాయి. అందుకని ఇల్లు చూడడానికి జూన్‌లో కాకుండా ఫిబ్రవరిలో రండి. పెద్ద వాన పడిన మర్నాడు బేస్‌మెంట్‌లోకి దిగి గోడలు తడిమి చూడండి. కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఎప్పటివో అడగండి. ఆ తర్వాత ధర మాట్లాడండి.