మతిమరుపుకు అయస్కాంత చికిత్స: పైసలు కట్టేముందు చూడాల్సినవి

తల మీద కాయిల్ ఆనించి అయస్కాంత పల్సులతో మెదడును ప్రేరేపించే చికిత్స ఆర్‌టీఎంఎస్. హైదరాబాద్ క్లినిక్‌లలో మతిమరుపుకు కూడా ఇస్తున్నారని విని నల్గొండ, పాలమూరు నుంచి పెద్దవాళ్లను తీసుకెళ్తున్నారు. మా అంచనా ముందే చెప్తాం. డిప్రెషన్‌కు ఇది రుజువైన వైద్యం, అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతించింది. పెద్దవాళ్ల మతిమరుపుకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ జబ్బుకు ఆ అనుమతి లేదు. ఇటలీలో 50 మంది అల్జీమర్స్ రోగుల మీద 24 వారాలు చేసిన పరీక్ష 2022లో వెలువడింది. అసలు కాయిల్ పెట్టినవాళ్ల స్థితి దాదాపు నిలకడగా ఉంది, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్లది దిగజారింది. ఆశ పుట్టించే ఫలితమే. కానీ పోయిన జ్ఞాపకాలు తిరిగొస్తాయని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి.

సెంటర్ పనితనం మొదటి రోజే తెలిసిపోతుంది. పెద్దమనిషి చెయ్యి ఒళ్లో వదులుగా పెట్టిస్తారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్‌ను నెత్తికి ఒక పక్క ఆనించి ఒక్కో పల్సు వదులుతారు. టక్‌మన్నప్పుడల్లా అవతలి చేతి బొటనవేలు ఎగురుతుందా అని చూస్తారు. పదిసార్లలో ఐదుసార్లు ఎగిరేంత బలం మోటార్ థ్రెషోల్డ్, మోతాదుకు అదే కొలబద్ద. వయసుతో మెదడు కుంచించుకుపోతే పుర్రెకూ మెదడుకూ మధ్య ఎడం పెరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం చప్పున పడిపోతుంది. కొలత తియ్యకుండా అందరికీ ఒకటే నంబర్ పెట్టే చోట టకటక చప్పుడే తప్ప మెదడుకు చేరేది తక్కువ.

తల కదిలినా అంతే, పల్సు పడాల్సిన చోట పడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో మెడ, నడుం బిగుసుకుపోయినవాళ్లు ఆ కుర్చీలో అరగంట కదలకుండా ఉండలేరు. మెడ కింద దిండు సర్ది, మధ్యలో ఆపి, కాయిల్‌ను మళ్లీ గుర్తు మీద పెట్టే ఓపిక సిబ్బందికి ఉందా చూడండి. చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. కమ్మలు, జడపిన్నులు తీసెయ్యాలి. పేస్‌మేకర్, తలలో లోహపు క్లిప్పు ఉంటే ఆ మాట ముందే చెప్పాలి.

అరుదే అయినా అసలు ప్రమాదం ఫిట్స్. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో తెచ్చుకునే గోళీల్లో ట్రమడాల్ అనే నొప్పి మందు ఉంటే ఆ ముప్పు పెరుగుతుంది. కల్తీ కల్లు అలవాటు ఇంకా పెద్ద చిక్కు. అందులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు మతిమరుపును పెంచుతుంది, చికిత్స కోసమని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తెస్తుంది. సిగ్గుపడి దాచకండి, డాక్టర్‌కు చెప్పి మెల్లగా తగ్గించాలి. నిద్ర చాలకపోయినా ఇదే ముప్పు. అందుకే వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు తెల్లవారుజాము బస్సెక్కి రానూపోనూ రెండొందల కిలోమీటర్లు తిప్పడం కన్నా ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్‌లోనో చుట్టాలింట్లో ఉంచడం మేలు.

వీటన్నిటికంటే ముందు బీ12, థైరాయిడ్, మెదడు స్కాన్ చేయించండి. కిందపడ్డాక తలలో మెల్లగా చేరిన రక్తం కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది, దానికి కావాల్సింది సర్జన్. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే, మొదటి సిట్టింగుకు ముందు ఒకసారి, చివరిదాని తర్వాత ఒకసారి జరగాలి. బడి మొహం చూడని అవ్వతో గడియారం బొమ్మ గీయించి మార్కులు కోస్తే ఆ లెక్క తప్పు, చదువురానివాళ్ల పరీక్ష అడగండి. ముందూ వెనకా మార్కులు కాగితం మీద రాసివ్వని చోట ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టొద్దు.