మాత్రతో పెరిగిన తెలివా, మామూలు బుర్రేనా?

తెలివి పెంచితే బతుకు బాగుపడుద్దా అంటే నాకు ముందు ఎలుకలే గుర్తొస్తాయి. 1999లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జో సియెన్ అనే సైంటిస్టు టీమ్ ఎన్‌ఆర్‌2బీ అనే జీన్ ఎక్కువ పనిచేసేలా చేసి డూగీ అనే చిట్టెలుకల్ని పుట్టించారు, అవి మామూలు వాటికంటే తొందరగా నేర్చుకునేవి, ఎక్కువ కాలం గుర్తుపెట్టుకునేవి, అబ్బ సూపర్ అనుకునేలోపు 2001లో ఇంకో టీమ్ చూస్తే అదే మార్పు వల్ల వాటికి వదలని నొప్పి కూడా ఎక్కువే తెలుస్తోందని తేలింది. మామూలు ఎలుక కాస్త మొద్దే పాపం, కానీ దానికి ఈ గోల లేదు.

మనుషుల్లో ఐతే మోడాఫినిల్. అసలది పగలే నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ పేషెంట్ల మందు, డాక్టర్ రాసిస్తేనే వాడాలి, ఐనా ఎగ్జామ్స్ ముందు మింగేవాళ్లున్నారు. 2023లో వచ్చిన ఒక స్టడీలో ఆరోగ్యంగా ఉన్న 40 మందికి ఇదీ ఇంకో రెండు మందులూ వేర్వేరు రోజుల్లో ఇచ్చి, సంచిలో బరువు దాటకుండా ఎక్కువ విలువైన వస్తువులు ఎలా సర్దుతారో చూస్తే, మందు పడ్డాక తెగ కష్టపడ్డారు, టైమ్ ఎక్కువ పెట్టారు, కానీ ఆ కష్టంలో పద్ధతి పోయింది. మందు లేని ఉత్త మాత్రతో బాగా చేసినవాళ్లే మందుతో సగటు కన్నా కిందకి జారారు!

మామూలు బుర్రకి నిద్ర కావాలి, చదివింది గట్టిపడేది అక్కడే, ఈ మాత్ర ఆ నిద్రకే ఎసరు పెడుతుంది. నిజంగా జబ్బున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి అవసరమే. నాకైతే ఫిల్టర్ కాఫీ, రాత్రి 11కి లైట్ ఆఫ్.